పాత కళావేలం క్యాటలాగ్‌లు స్కాన్ చేశాం, కానీ వెతికితే దొరకడం లేదు. ఏం చేయాలి?

పుటలమధ్య అడిగారు:

అందరికీ నమస్తే. నేను ఒక లైబ్రరీలో ప్రత్యేక సేకరణల విభాగంలో పనిచేస్తున్నాను. మా దగ్గర పాత చిత్రకళ వేలం క్యాటలాగ్‌లు కొన్ని వందలు ఉన్నాయి. ఎక్కువ భాగం 18, 19 శతాబ్దాల లండన్, పారిస్ వేలాలవి, కొన్ని 1900 తర్వాతి జర్మన్ వేలాలవి. మూడేళ్ల కిందట అన్నీ స్కాన్ చేసి, ఓసీఆర్ (పేజీ బొమ్మలోని అచ్చుని వెతకగలిగే టెక్స్ట్‌గా మార్చే ప్రోగ్రామ్) నడిపి, పీడీఎఫ్‌లుగా వెబ్‌సైట్‌లో పెట్టేశాం. పని అయిపోయింది అనుకున్నాం.

పోయిన నెల ఒక పరిశోధకురాలు వచ్చారు. ఒక ప్రకృతి దృశ్యం ఎవరెవరి చేతులు మారిందో ఆవిడ వెతుకుతున్నారు. అది గాస్పార్ పూసాన్ వేసిందని పాత కాగితాల్లో ఉందట. మా సెర్చ్‌లో పూసాన్ అని కొడితే పదుల కొద్దీ వచ్చాయి, వాటిలో ఆవిడకి కావలసింది లేదు. చివరికి నాలుగు రోజులు కూర్చుని ఒక్కో పేజీ తిప్పి పట్టుకున్నారు. ఎక్కడుందో చెబితే మీకే అర్థమవుతుంది. వేలానికి పెట్టిన ఒక్కో అంశాన్నీ లాట్ అంటారు, ఒక్కోదానికీ ఒక నంబర్ ఉంటుంది. లాట్ 61 దగ్గర "జి. పూసాన్, మనుషులున్న ప్రకృతి దృశ్యం" అని ఉంది. దాని కింద లాట్ 62 దగ్గర "డిట్టో, దాని జత" అని ఉంది, అంతే. ఆవిడ వెతుకుతున్న బొమ్మ ఆ 62. పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో ధర, కొన్నవారి పేరు కూడా రాసి ఉన్నాయి. ఆ లైన్లో పూసాన్ అన్న మాటే లేనప్పుడు సెర్చ్‌కి ఎలా దొరుకుతుంది? పెన్సిల్ రాతనైతే ఓసీఆర్ అసలు పట్టించుకోలేదు.

ఆవిడ వెళ్లేటప్పుడు థాంక్స్ చెప్పారు గానీ నాకు మనసు కుదురుగా లేదు. నాలుగు రోజులు ఇక్కడ ఉండగలిగారు కాబట్టి దొరికింది. రాలేనివాళ్ల సంగతేమిటి?

కాబట్టి అడుగుతున్నాను. మంచి ఓసీఆర్ మళ్లీ నడిపితే సరిపోతుందా, లేక ఒక్కో లాట్‌నీ డేటాబేస్‌లో ఎక్కించాలా? చేతిరాతని ఏం చేయాలి? ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. మేం ఇద్దరమే, బడ్జెట్ అంటే మా జీతాలే.


జల్లెడ రాశారు:

ముందు ఒక ప్రశ్న. మీ స్కాన్లు రంగులో ఉన్నాయా, నలుపు తెలుపా? ఎందుకు అడుగుతున్నానంటే, నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట స్టోరేజ్ కలిసొస్తుందని పూర్తి నలుపు తెలుపులో స్కాన్ చేశారు. గ్రే కూడా కాదు, చుక్క ఉంటే నలుపు, లేకపోతే తెలుపు. అచ్చు అక్షరాలు బ్రహ్మాండంగా వచ్చాయి, పెన్సిల్ రాతలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు, లేత బూడిద రంగు కదా, తెల్లగా మారిపోయింది. ఎనిమిది నెలల పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. మీవి అలా ఉంటే, ఓసీఆర్ సంగతి పక్కన పెట్టి, రాతలున్న ప్రతులనైనా ముందు రంగులో మళ్లీ స్కాన్ చేయండి. వాటి టిఫ్ ఫైళ్లు విడిగా దాచండి. కుదించిన పీడీఎఫ్ మీద ఓసీఆర్ నడపకండి.

ఇక ఓసీఆర్. ఇంగ్లిష్, ఫ్రెంచ్ అచ్చుకి టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రామ్ చాలు, ఉచితం. కానీ 1800కి ముందు అచ్చుల్లో పొడుగు ఎస్ ఉంటుంది కదా, చూడ్డానికి ఎఫ్‌లా ఉండేది, దాన్ని మామూలు సెట్టింగ్‌లో ఎఫ్ అనే చదువుతుంది. పూసాన్‌లో రెండు ఎస్‌లు వరసగా వస్తాయి. ఒక పేజీలో సరిగ్గా, ఇంకో పేజీలో ఎఫ్‌లతో, మరో పేజీలో ఒకటి అదీ ఒకటి ఇదీగా వచ్చి ఉంటాయి, చూసుకోండి. జర్మన్ క్యాటలాగ్‌లలో ఫ్రాక్టూర్ అనే పాత జర్మన్ అచ్చు లిపి ఉంటే దానికి వేరే మోడల్ పెట్టాలి. చేతిరాతకి ట్రాన్స్‌క్రైబస్, ఈస్క్రిప్టోరియమ్ లాంటివి ఉన్నాయి. ఒకే మనిషి రాత చాలా పేజీల్లో ఉంటే కొన్ని పేజీలు మీరే చదివిపెట్టి వాటికి నేర్పొచ్చు. పది క్యాటలాగ్‌లలో పది మంది రాతలుంటే నేర్పేలోపు మీరే చదివేయడం నయం.

అసలు విషయం ఇంకోటి. పేజీని పేజీలా వెతికితే లాభం లేదు, లాట్‌ని లాట్‌లా వెతకాలి. ఓసీఆర్ ఫలితాన్ని వట్టి టెక్స్ట్‌గా కాకుండా ఆల్టో ఫార్మాట్‌లో తీసుకోండి, అందులో ప్రతి మాటా పేజీలో ఎక్కడుందో కొలతలతో సహా ఉంటుంది. క్యాటలాగ్ పేజీలో లాట్ నంబర్లు దాదాపు ఎప్పుడూ ఎడమ అంచున ఒకే గీత మీద ఉంటాయి, పైగా వరస తప్పవు. ఎడమ అంచున 61, 62, 63 కనబడితే అక్కడ కోసేయమని చిన్న స్క్రిప్ట్ రాయొచ్చు. 63 తర్వాత 65 వచ్చిందంటే 64ని ఓసీఆర్ మింగేసిందని మీకు అక్కడికక్కడే తెలిసిపోతుంది. అచ్చులోనే నంబర్ ఎగిరిపోయిన సందర్భాలూ ఉంటాయి, అవి మనిషే చూడాలి.

డిట్టోకి ఒకటే నియమం. లైన్ ఆ మాటతో మొదలైతే పై లాట్‌లోని చిత్రకారుడి పేరు కిందకి దించండి. కానీ దించిన పేరుని అచ్చులో ఉన్న పేరులా చూపించొద్దు, వేరే కాలమ్‌లో పెట్టండి. డిట్టో కింద డిట్టో, దాని కింద డిట్టో వస్తాయి. మధ్యలో పేజీ మారుతుంది, పేజీ మారినచోటే ఎక్కువ తప్పులు జరుగుతాయి.

అక్షరం తేడాగా ఉన్నా దొరికే సెర్చ్ పెట్టడం సులువే, ఒకటి రెండు అక్షరాలు మారినా పట్టుకుంటుంది. అయితే పొడవు పేర్లకే అది పనికొస్తుంది. ఖెరిట్ డౌ అనే చిత్రకారుడి ఇంటిపేరు రోమన్‌లో మూడే అక్షరాలు. అందులో రెండు మారినా పర్వాలేదన్నామంటే క్యాటలాగ్‌లో ఉన్న చిన్న మాటలన్నీ వచ్చి మీద పడతాయి.


చేతులుమారినబొమ్మ రాశారు:

జల్లెడ గారు చెప్పిన సాంకేతిక విషయాలన్నీ సరైనవే. నేను అటువైపు మనిషిని, అంటే మీ లైబ్రరీకి వచ్చి నాలుగు రోజులు పేజీలు తిప్పే రకం. ఒక చిత్రం ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరికి వెళ్లిందో వెతకడమే నా పని. కాబట్టి మేం వచ్చి ఏం వెతుకుతామో చెబుతాను.

చిత్రకారుడి పేరుతో వెతకడం మేం చివర్న చేసే పని. ఎందుకంటే పేరే అన్నిటికంటే ఎక్కువగా మారిపోతుంది. మీరు చెప్పిన గాస్పార్ పూసాన్‌నే తీసుకోండి. ఆయన అసలు పేరు గాస్పార్ దుగే. నికొలా పూసాన్ ఆయనకి బావ, ఆయన అక్కని చేసుకున్నాడు. గురువు కూడా. ఆ ఇంటిపేరే ఈయనకీ అంటుకుంది. ఇవాళ మ్యూజియంలో దుగే అని ఉంటుంది, 18వ శతాబ్దపు లండన్ క్యాటలాగ్‌లో గాస్పార్ పూసాన్ అనో, ఒట్టి గాస్పార్ అనో ఉంటుంది. ఒట్టి పూసాన్ అని ఉంటే ఇద్దరిలో ఎవరో మనం తేల్చుకోవాలి. కనలెట్టో అంటే వెనిస్‌లో జొవాన్ని ఆంటోనియో కనాల్, కానీ ఆయన మేనల్లుడు బెర్నార్డో బెలొట్టో డ్రెస్డెన్‌లోనూ వార్సాలోనూ పనిచేస్తూ అదే పేరు వాడుకున్నాడు. జర్మన్ క్యాటలాగ్‌లో కనలెట్టో అని కనబడితే నేనైతే వెంటనే మామ పేరు రాయను. క్లోద్ అని ఉంటే క్లోద్ లొరాన్, ఆయన అసలు పేరు క్లోద్ జెలే.

అందుకే మొదటి మాటగా చెబుతున్నాను, అచ్చులో ఉన్న పేరు ఉన్నట్టే ఒక కాలమ్‌లో ఉండాలి, తప్పులతో సహా. మీరు ఎవరనుకుంటున్నారో ఆ పేరు పక్క కాలమ్‌లో, అమెరికాలోని గెట్టీ కళా సంస్థ వాళ్ల చిత్రకారుల పేర్ల జాబితా ఉలాన్‌లోని నంబర్‌తో ఉండాలి. ఉలాన్‌లో ఒక్కో చిత్రకారుడికి తెలిసిన పేర్లన్నీ ఒకే నంబర్ కింద ఉంటాయి, కాబట్టి ఎవరు ఏ పేరుతో వెతికినా ఒకచోటికే వస్తారు. మొదటి కాలమ్‌ని మాత్రం ఎవరూ సరిదిద్దకూడదు. పేరు రాసిన తీరులో కూడా అర్థం ఉంటుంది. 20వ శతాబ్దంలో లండన్ పెద్ద వేలం సంస్థలు చాలాకాలం ఒక పద్ధతి పాటించాయి. పేరు, ఇంటిపేరు పూర్తిగా వేస్తే ఇది ఆయన వేసిందే అని మా అభిప్రాయం అని అర్థం. పొడి అక్షరాలు, ఇంటిపేరు వేస్తే ఆయన కాలానిది, ఆయన చేయి కొంత ఉండొచ్చు అని. ఒట్టి ఇంటిపేరు వేస్తే ఆయన శిష్యులదో అనుచరులదో అని. ఈ వివరం క్యాటలాగ్ మొదటి పేజీల్లో నోటుగా ఉంటుంది. ఎవరో పుణ్యానికి పోయి మూడింటినీ పీటర్ పాల్ రూబెన్స్ అని సరిచేశారనుకోండి, వేలందారు స్వయంగా ఇది ఆయనది కాదు అన్న మాటను మనం చెరిపేసినట్టే. అదే పద్ధతిని వెనక్కి తీసుకెళ్లి 18వ శతాబ్దపు క్యాటలాగ్‌లకి వర్తింపజేయకూడదు, అప్పట్లో నచ్చిన పేరు నచ్చినట్టు వేసేవాళ్లు.

మేం నిజంగా ఆనుకునేది కొలతలని. పేరు మారుతుంది, శీర్షిక మారుతుంది (మనుషులున్న ప్రకృతి దృశ్యం అనేది శీర్షికే కాదు, వేలందారు కళ్లకి కనబడింది రాశాడు), కొలత మాత్రం పెద్దగా మారదు. అంచులు కత్తిరిస్తే తప్ప. కానీ ఇక్కడ పెద్ద గొయ్యి ఒకటుంది. పాత ఫ్రెంచ్ క్యాటలాగ్‌లో 24 పూస్‌లు అని ఉంటే అది 24 ఇంగ్లిష్ అంగుళాలు కాదు. ఫ్రెంచ్ పూస్ సుమారు 2.707 సెంటీమీటర్లు, ఇంగ్లిష్ అంగుళం 2.54. 24 పూస్‌లంటే 65 సెంటీమీటర్లు, 24 అంగుళాలంటే 61. ఆ నాలుగు సెంటీమీటర్ల తేడాతో ఒక బొమ్మ ఇంకో బొమ్మ అయిపోతుంది. నేను ఒకసారి రెండు వారాలు ఒక తప్పుడు బొమ్మ వెంట పడ్డాను, కారణం ఎవరో పూస్‌ని అంగుళం అని ఎక్కించారు. ఎత్తు ముందా వెడల్పు ముందా అనేది కూడా క్యాటలాగ్‌ని బట్టి మారుతుంది. కాబట్టి కొలత కూడా అచ్చులో ఉన్నట్టు ఒకచోట, సెంటీమీటర్లలో ఇంకోచోట.

జర్మన్ క్యాటలాగ్‌ల గురించి విడిగా చెప్పాలి. నాజీలు అధికారంలోకి వచ్చిన 1933 తర్వాతివి ఉంటే దయచేసి అన్నిటికంటే ముందు అవి తీయండి. యూదు కుటుంబాలు బలవంతంగా అమ్ముకోవాల్సి వచ్చిన, వాళ్ల దగ్గర్నుంచి లాక్కున్న వస్తువులు ఎన్నో వాటిలో ఉన్నాయి, వారసులు ఇప్పటికీ వెతుకుతున్నారు. 1998లో వాషింగ్టన్‌లో 44 దేశాలు ఒప్పుకున్న సూత్రాల్లో ఒకటి ఇదే, ఇలాంటి రికార్డులు పరిశోధకులకి అందుబాటులో ఉండాలని. ఆ క్యాటలాగ్‌లలో అమ్మేవాళ్ల పేర్లు ఒక్కోసారి పొడి అక్షరాలతోనో, ఒక నంబర్‌తోనో ఉంటాయి. ఏ నంబర్ మనిషివి ఏయే లాట్లో చెప్పే జాబితా ఒకటి క్యాటలాగ్ ముందు పేజీల్లోనో వెనక పేజీల్లోనో ఉంటుంది. ఆ ఒక్క పేజీని జాగ్రత్తగా ఎక్కించినా చాలామందికి దారి దొరుకుతుంది.


పుటలమధ్య రాశారు:

ఇద్దరికీ చాలా థాంక్స్. స్కాన్లు రంగులోనే ఉన్నాయి, ఊపిరి పీల్చుకున్నాను. ఓ ఇరవై ప్రతులు మాత్రం పాత మైక్రోఫిల్మ్ నుంచి తీసినవి, వాటిలో రాతలు కనబడటం లేదు, అవి మళ్లీ తీస్తాం.

కానీ మీరు చెప్పిన కాలమ్‌లు లెక్కపెడితే లాట్‌కి పద్నాలుగు దాటుతున్నాయి. మేం ఇద్దరం, ఒక్కో క్యాటలాగ్‌లో వంద నుంచి వెయ్యి లాట్ల దాకా ఉన్నాయి. రిటైరయ్యే లోపు పూర్తవుతుందా అని టెన్షన్ పట్టుకుంది.

ఇంకో సంగతి. ఈమధ్య ఏఐ టూల్‌కి పేజీ ఫొటో ఇస్తే లాట్లన్నీ చక్కగా పట్టికలో పెట్టి ఇస్తోంది. నాలుగు పేజీలు ప్రయత్నించాను, డిట్టోలు కూడా అదే పూరించేసింది. దాంతో పని మొత్తం చేయించేయొచ్చా?


నిదానం రాశారు:

నేను పాతికేళ్లుగా క్యాటలాగింగ్‌లోనే ఉన్నాను, అందుకని కొంచెం వేరే మాట చెబుతాను. చేతులుమారినబొమ్మ గారు చెప్పినవన్నీ కావలసినవే, కానీ అన్నీ మొదటి రోజే కావాలనుకుంటే ఎప్పటికీ మొదలవదు. లాట్లకంటే ముందు క్యాటలాగ్‌లని సరిగా పెట్టండి.

మీ దగ్గరున్న ప్రతి క్యాటలాగ్‌కీ ఒక వరస చాలు. వేలం జరిగిన తేదీ, ఊరు, వేలందారు, ఎవరి సేకరణ, ఎన్ని లాట్లు, లుఖ్ట్ నంబర్. ఫ్రిట్స్ లుఖ్ట్ అనే డచ్ పండితుడు 1600 నుంచి 1925 వరకు జరిగిన వేలాల క్యాటలాగ్‌లని తేదీ వరసలో నాలుగు సంపుటాలుగా జాబితా చేశాడు, మొదటిది 1938లో వచ్చింది, నాలుగోది ఆయన పోయాక 1987లో. లక్షకి పైగా క్యాటలాగ్‌లు, ఏది ఏ లైబ్రరీలో ఉందో కూడా రాశాడు. ఆ నంబర్ రాశారంటే మీ క్యాటలాగ్ ఏదో ప్రపంచంలో ఎవరికైనా తెలిసిపోతుంది, వేరే లైబ్రరీలో ఉన్న దాని ఇంకో ప్రతితో కలపడమూ సులువు. ఒక జాగ్రత్త. ఆయనదే 1921లో వచ్చిన ఇంకో పుస్తకం ఉంది, డ్రాయింగ్‌ల మీద సేకర్తలు వేసుకున్న ముద్రల గురించి. దానిలోనూ నంబర్లే, వాటినీ లుఖ్ట్ నంబర్లనే అంటారు. రెండూ ఒకే కాలమ్‌లో కలిసిపోయిన డేటా నేను చూశాను, విడదీయడం మహా కష్టం.

తేదీ అనుకున్నంత తేలిక కాదు. ముఖపత్రం మీద ఉన్న రోజున వేలం జరగకపోవచ్చు, వాయిదా వేసి పాత తేదీ మీద చీటీ అంటించినవీ, చేత్తో కొట్టేసి కొత్తది రాసినవీ ఉంటాయి. పారిస్‌వైతే 1793 నుంచి 1805 దాకా విప్లవ క్యాలెండర్ తేదీలు ఉంటాయి, ఏడాదికి ఆరో సంవత్సరం, ఏడో సంవత్సరం అని. అదీ ఉన్నట్టే రాసి, పక్కన మామూలు తేదీ రాయండి. లేకపోతే తేదీతో వెతికేవాళ్లకి ఆ పన్నెండేళ్లు కనబడకుండా పోతాయి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఒకే క్యాటలాగ్‌కి రెండు ప్రతులుంటే ఒకటి అదనపు ప్రతి అని ఎప్పుడూ అనుకోకండి. అచ్చు ఒకటే అయినా రాతలు వేరు. ఒక ప్రతిలో వేలందారు గుమాస్తా రాసిన ధరలుంటాయి, ఇంకో దానిలో గదిలో కూర్చున్న ఎవరో సేకర్త రాసుకున్నవి. ఇద్దరూ ఒకే లాట్‌కి వేరే ధర రాసిన సందర్భాలు కోకొల్లలు. పారిస్‌లో గాబ్రియేల్ ద సేంటోబాన్ అనే చిత్రకారుడు వేలాలకి వెళ్లి, క్యాటలాగ్ మార్జిన్లలో ఒక్కో చిత్రాన్నీ బొటనవేలంత బొమ్మగా గీసుకునేవాడు. 1775లో మొదలైన మారియెట్ సేకరణ వేలం క్యాటలాగ్ కూడా ఆయన అలా గీశాడు. ఫొటోలు లేని కాలంలో ఫలానా లాట్ ఏ బొమ్మో ఇవాళ తేల్చగలుగుతున్నామంటే ఆ గీతల వల్లే. అలాంటి ప్రతిని ఇంకో ప్రతి ఉంది కదా అని ఎవరైనా వదిలించుకుని ఉంటే ఏమయ్యేది? కాబట్టి రాతల్ని క్యాటలాగ్‌కి కాదు, ప్రతికి తగిలించండి. ఫలానా ప్రతిలో, ఫలానా లాట్ పక్కన, సిరాతోనా పెన్సిల్‌తోనా, ఏం రాసి ఉంది.

రాసిన ధరని కూడా అమ్ముడుపోయిన ధర అని పేరు పెట్టకండి. హెచ్చుపాట అనుకున్నంత రాకపోతే వస్తువు యజమానికే తిరిగి వెళ్లేది, కానీ పాట ఎవరికో కొట్టేసినట్టు పుస్తకంలో ఒక ఉత్తుత్తి పేరు రాసేవాళ్లు. మార్జిన్‌లో ధర ఉంది, పేరు ఉంది, అయినా బొమ్మ ఇంటి గడప దాటలేదు. కాలమ్ పేరు "మార్జిన్‌లో రాసిన మొత్తం", "మార్జిన్‌లో రాసిన పేరు" అని ఉంటే చాలు. మొత్తం గినీలలోనా పౌండ్లలోనా అన్నదీ చూడండి. గినీ అంటే 21 షిల్లింగులు, పౌండ్ అంటే 20. లండన్‌లో పాట గినీలలో పాడి, పుస్తకంలో పౌండ్లు, షిల్లింగులలో రాసుకోవడం మామూలే. 52 పౌండ్ల 10 షిల్లింగులు అని కనబడితే విచిత్రంగా ఉంటుంది గానీ అది సరిగ్గా 50 గినీలు.

పని తగ్గించుకోవడం ఎలా అంటారా. ముందు మీవి ఇంకెక్కడైనా ఇప్పటికే ఉన్నాయేమో చూడండి. జర్మన్ భాషా ప్రాంతపు క్యాటలాగ్‌లని, మొదట 1930 నుంచి 1945 వరకు, హైడెల్‌బెర్గ్ యూనివర్సిటీ లైబ్రరీ, బెర్లిన్ కళా గ్రంథాలయం, లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ పరిశోధన సంస్థ కలిసి "జర్మన్ సేల్స్" పేరుతో స్కాన్ చేసి పెట్టాయి. తర్వాత అంతకు ముందు కాలానికీ విస్తరించారు. చిత్రాలు ఎవరి చేతులు మారాయో వెతికే గెట్టీ డేటాబేస్ ప్రావెనెన్స్ ఇండెక్స్‌లో బ్రిటిష్, ఫ్రెంచ్, డచ్ వేలాల లాట్లు కూడా ఎన్నో వరసగా ఎక్కించి ఉన్నాయి, ఎవరైనా వాడుకోవచ్చు. మీ క్యాటలాగ్ అక్కడుంటే ఆ లాట్లు మళ్లీ టైప్ చేయనక్కర్లేదు, మీ ప్రతిలోని రాతలు మాత్రం కలపండి. మిగతా చోట్ల లాట్ నంబర్, అచ్చులో ఉన్న పేరు, అచ్చులో ఉన్న వర్ణన, పేజీ లింకు, ఈ నాలుగు చాలు మొదటి విడతకి. ఉలాన్ నంబర్లు, సెంటీమీటర్లు రెండో విడత. స్ప్రెడ్‌షీట్‌లో మొదలుపెట్టండి, పేర్లు జతచేయడానికి ఓపెన్‌రిఫైన్ వాడండి, అది ఒకేలా ఉన్న పేర్లని గుంపులు చేసి చూపిస్తుంది.

పేజీ లింకు అన్నాను కదా, స్కాన్లని ట్రిపుల్ ఐఎఫ్ (లైబ్రరీలు బొమ్మల్ని వెబ్‌లో పంచుకునే ఉమ్మడి ప్రమాణం) పద్ధతిలో పెట్టగలిగితే లాట్ పక్కనే ఆ లాట్ ఉన్న ముక్కని పేజీలోంచి నేరుగా చూపించొచ్చు. మనం తప్పు చదివినా చూసేవాళ్లకి అసలు కాగితం కళ్లముందే ఉంటుంది.


జల్లెడ రాశారు:

ఏఐ గురించి. నేను వాడుతున్నాను, వద్దనను. పట్టికలో పెట్టడం అది నిజంగా బాగా చేస్తుంది, మామూలు ఓసీఆర్ చేతులెత్తేసిన పేజీల్లో కూడా. కానీ ఓసీఆర్ తప్పు చేస్తే చూడగానే తెలుస్తుంది, పూసాన్‌లో ఎఫ్ కనబడితే అది తప్పని చిన్నపిల్లాడైనా చెబుతాడు. ఇది చేసే తప్పు చూడ్డానికి ఒప్పులా ఉంటుంది. నా పేజీలో ఒట్టి "రెనాల్డ్స్" అని ఉంటే అది "సర్ జాషువా రెనాల్డ్స్" అని పూర్తి చేసి ఇచ్చింది. పైన చెప్పిన పద్ధతి ప్రకారం ఆ రెంటికీ నేలకీ నింగికీ ఉన్నంత తేడా. మార్జిన్‌లో సగం చెరిగిపోయిన పేరు ఒకటుంటే, ఆ కాలపు వ్యాపారి పేరులా వినబడే పేరు ఒకటి శుభ్రంగా రాసి పెట్టింది. కాగితం మీద మొదటి అక్షరం తప్ప ఏమీ కనబడటం లేదు.

అందుకని నేను చేసేది ఇది. దానికి ఇచ్చే ఆదేశంలోనే ఉన్నది ఉన్నట్టు రాయి, పొడి అక్షరాల్ని విడదీయకు, పూరించకు, చదవలేకపోతే ఖాళీ వదిలి ఒక గుర్తు పెట్టు అని చెబుతాను. అదే పేజీకి విడిగా టెసరాక్ట్ కూడా నడుపుతాను. రెండూ ఒకటే చెప్పినచోట ముందుకెళ్తాను, తేడా ఉన్నచోట మనిషి చూస్తాడు. ప్రతి వరసకీ ఒక కాలమ్ ఉంటుంది, ఎవరు చదివారు, మెషీనా మనిషా. అది వెబ్‌సైట్‌లో చూసేవాళ్లకి కూడా కనబడాలి, లోపల దాచుకోవద్దు. చేతిరాత మాత్రం మెషీన్ చదివినదాన్ని మనిషి చూడకుండా ఒక్కటీ బయట పెట్టను.


చేతులుమారినబొమ్మ రాశారు:

నిదానం గారు విడతలుగా చేయమన్నది ఒప్పుకుంటాను, ఒక్కదాన్లో తప్ప. కొలతలని రెండో విడతకి తోసేయకండి. అచ్చులో ఉన్న వర్ణనలోనే కొలత ఉంటుంది కాబట్టి మొదటి విడతలో అది ఎలాగూ ఎక్కుతుంది, సెంటీమీటర్లకి మార్చడం ఒక ఫార్ములా. పూస్‌లా అంగుళాలా అన్నది లాట్‌కి కాదు, క్యాటలాగ్‌కి ఒకసారి చూసి రాస్తే చాలు. అది ఉంటే ఈ కొలతకి అటూ ఇటూ రెండు సెంటీమీటర్లలో ఉన్న లాట్లన్నీ చూపించు అని అడగ్గలుగుతాం. చిత్రకారుడి పేరు తెలియని బొమ్మ పట్టుకుని వచ్చేవాళ్లకి వేరే దారి లేదు.

డేటా మొత్తాన్ని ఒక సీఎస్‌వీ ఫైలుగా డౌన్‌లోడ్ చేసుకునేలా కూడా పెట్టండి. సెర్చ్ పెట్టె ఎంత బాగున్నా, అందులో మీరు ఊహించిన ప్రశ్నలే అడగ్గలం. నాకు కావలసింది ఒక్కోసారి ఒకే అమ్మకందారు పదేళ్లలో ఏమేం అమ్మాడు అని వరసగా చూడటం.


నిదానం రాశారు:

క్యాటలాగ్‌కి ఒకసారి అంటే సరే, ఒప్పుకున్నాను. నా వరసలో కొలమానం అనే కాలమ్ ఒకటి కలుపుకోండి.


పుటలమధ్య రాశారు:

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. చేసింది చెబుతాను.

1933 తర్వాతి జర్మన్ క్యాటలాగ్‌లు పదకొండు దొరికాయి. తొమ్మిది హైడెల్‌బెర్గ్ సైట్‌లో ఉన్నాయి, వాటికి లింకు పెట్టి మా ప్రతుల్లోని రాతలు మాత్రం ఎక్కించాం. మిగతా రెంటిలో యజమానుల జాబితా పేజీలు మేమిద్దరం విడివిడిగా చదివి, సరిపోల్చుకుని ఎక్కించాం. ఆ పేజీలు చదువుతుంటే ఇద్దరికీ నోట మాట రాలేదు. ఒకే పొడి అక్షరాల మనిషివి మంచాలు, దీపాలు, పిల్లల కుర్చీ దాకా వరసగా లాట్లుగా ఉన్నాయి.

లండన్ క్యాటలాగ్‌లలో పన్నెండింటిని లాట్లుగా కోశాం. నంబర్ల వరస చూసే ఉపాయం బంగారం. డిట్టోలకి మేం పెట్టిన కాలమ్ పేరు "పై లాట్ నుంచి తెచ్చిన పేరు". సెర్చ్ రెండు కాలమ్‌లలోనూ వెతుకుతుంది, ఫలితంలో మాత్రం ఏది అచ్చులోదో ఏది మేం తెచ్చిందో వేరే రంగులో కనబడుతుంది. నిన్న పూసాన్ అని కొట్టి చూశాను. లాట్ 61 వచ్చింది, దాని కింద 62 వచ్చింది, పక్కన ఆ పేజీ ముక్క, దాని మీద పెన్సిల్ రాత. ఆవిడకి వెంటనే లింకు పంపాను.

ఒక సందేహం మిగిలింది. అదే ప్రతిలో కొన్ని లాట్ల పక్కన ధర లేదు, పేరు లేదు, చిన్న ఇంటూ గుర్తు మాత్రం ఉంది. 62 పక్కన కూడా పేరుతో పాటు ఆ గుర్తు ఉంది. దాన్ని ఏమని ఎక్కించాలి?


చేతులుమారినబొమ్మ రాశారు:

గుర్తుని గుర్తుగానే ఎక్కించండి, "ఇంటూ గుర్తు, పెన్సిల్" అని. అర్థం రాయకండి. కొనాలనుకుని పెట్టుకున్నదో, కొన్నదో, ప్రదర్శనలో చూసి నచ్చిందో ఇప్పుడే చెప్పలేం. ఆ ప్రతి ఎవరిదో ముఖపత్రం మీదో అట్ట లోపలో సంతకం గానీ చీటీ గానీ ఉందేమో చూడండి. అదే చేయి మీ మిగతా ప్రతుల్లో కూడా ఉంటే ఆ గుర్తున్న లాట్లన్నీ ఒకచోట చేర్చి, ధరలున్నవాటితో పోల్చి చూడొచ్చు. అట్ట లోపలి పేజీ స్కాన్ చేశారా? చాలాచోట్ల వదిలేస్తారు.


పుటలమధ్య రాశారు:

వదిలేశాం. రేపు పొద్దున్నే తీస్తాను.